ఆవిరి కాని ద్రవం

నేను ఒక ఉప్పును. ఉప్పు అనగానే మీకు వంటింటి డబ్బాలోని తెల్లటి పొడి గుర్తొస్తుంది. దానికీ నాకూ చుట్టరికం ఉంది కాని పోలిక లేదు. అది కరిగి పారాలంటే ఎనిమిది వందల డిగ్రీల వేడి కావాలి. నేను మామూలు గదిలో, ఫ్యాను కింద, సీసాలో పడి పల్చటి తేనెలా కదులుతుంటాను. మూత తీసి పెట్టినా తరగను. ముక్కు దగ్గర పెట్టుకున్నా నాకు వాసన ఉండదు. అగ్గిపుల్ల గీసి చూపించినా అంటుకోను. రసాయన శాస్త్రం చదివినవాళ్ళు నన్ను అయానిక ద్రవం అంటారు.

నా పని చెప్తాను. రెండు రసాయనాలు కలిసి మూడోది కావాలంటే అవి కలుసుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటుకే ద్రావణి అని పేరు. మీరు మింగే మాత్రల్లో చాలావరకు ఒకప్పుడు ఏదో ఒక ద్రావణిలో మునిగి తేలినవే. ఏళ్ళ తరబడి ఆ పని టోలీన్ లాంటివి చేశాయి. అవి గాలిలోకి లేస్తాయి, మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఒక్క నిప్పురవ్వకు ఫ్యాక్టరీని బూడిద చేస్తాయి. అందుకని మనుషులు నాలాంటిదాన్ని వెతుక్కున్నారు. దొరికాక హరిత ద్రావణి అని ముద్దుపేరు పెట్టారు. నిజానికి నాకు ఏ రంగూ లేదు.

నాకొక గుణం ఉంది. నీళ్ళు కలిసి, వేడి తగిలి, మళ్ళీ మళ్ళీ అలాగే జరిగితే నేను కొంచెం కొంచెంగా విరుగుతాను. విరిగినప్పుడు నాలోంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. గాజును తినే ఆమ్లం అది. చర్మం మీద పడితే ముందు ఏమీ తెలియనివ్వదు. నిదానంగా లోపలికి దిగి ఎముకలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, వెతుక్కుంటుంది. దీన్ని నా తప్పనుకోను, ఒప్పనీ అనుకోను. నిప్పు కాల్చినట్టే ఇదీ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ దగ్గర దాచాల్సిన అవసరం నాకు లేదు. దాచినవాళ్ళు వేరే ఉన్నారు.

నన్ను పుట్టించింది పసునూరి శోభారాణి. ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. తండ్రి బస్సు డిపోలో టైర్లు మార్చే మెకానిక్కు. వాళ్ళ ఇంటిపేరుతో డాక్టర్ అనే మాట కలిపి పలికే రోజు కోసం ఆ ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. రెండు ద్రవాల్ని గుండ్రటి ఫ్లాస్కులో పోసి రెండు రోజులు వేడి చేసింది. వచ్చిన ఉప్పుని నీళ్ళలో కరిగించి ఇంకో ఉప్పుతో కలిపితే నేను అడుగున బరువుగా దిగాను. ఆరుసార్లు కడిగింది. పసుపు ఛాయ పోవడానికి బొగ్గుపొడిలోంచి వడగట్టింది. గాలి లాగేసే పంపు పెట్టి తడి ఆర్చింది. చివరికి సీసాని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఎంత తెల్లగొచ్చినవే తల్లీ" అంది. నాతో అంత ప్రేమగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమెకు గైడు ప్రొఫెసర్ గడియారం సదానందం. విద్యార్థుల్ని అమ్మా, నాన్నా అని తప్ప పిలవని మనిషి. రిటైరయ్యే లోపల వైస్ ఛాన్సలర్ కావాలన్నది ఆయన కోరిక. నాలో చేయాల్సిన ప్రయోగం ఆయనే నిర్ణయించాడు. ఒక రక్తపోటు మందుకు కావలసిన పదార్థం అది. టోలీన్‌లో అయితే పదకొండు గంటలు పడుతుంది. నాలో రెండు గంటల్లో అయిపోయింది. నూటికి తొంభై నాలుగు పాళ్ళు వచ్చింది. తయారైన సరుకును ఈథర్‌తో బయటికి లాగి, నన్ను నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వాడొచ్చు. అలా పదిసార్లు వాడొచ్చని వ్యాసానికి పేరు కూడా ఆయనే రాసిపెట్టాడు. అప్పటికి ఇంకా మూడోసారి జరుగుతోంది.

ఎనిమిదోసారికి ఫ్లాస్కు మసకబారింది.

శోభారాణి దాన్ని కడిగింది, గుడ్డతో తుడిచింది, యాసిడ్ పోసి ఓ రోజు నానబెట్టింది. పోలేదు. మురికి అయితే పోయేదే. గాజునే నేను తినేశాను. నాలో లిట్మస్ కాగితం ముంచింది. ఎర్రబడింది. నోట్‌బుక్‌లో తారీఖు వేసి, చూసింది చూసినట్టు రాసి, సదానందం గదికి వెళ్ళింది. ఆమె ఒక చేతిలో ఆ ఫ్లాస్కు, రెండో చేతిలోని సీసాలో నేను.

"సార్, ద్రవం విరుగుతున్నట్టుంది. ఫ్లాస్కు చూడండి. లిట్మస్ ఎర్రబడుతోంది."

"లిట్మస్ పాతదై ఉంటుందమ్మా."

"కొత్త ప్యాకెట్ సార్."

"దిగుబడి ఎంతొచ్చింది?"

"ఎనభై తొమ్మిది."

"ఎనభై తొమ్మిది వచ్చిందంటే ద్రవం బాగున్నట్టే కదా. ఫ్లాస్కు మార్చు."

"మార్చాను సార్. అదీ మసకేసింది."

"మూడోది తీసుకో." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు. "శోభా, నీ థీసిస్ ఈ జూన్‌లో పోవాలా, ఇంకో రెండేళ్ళు ఆగాలా? ఆగుదామంటే నాకేం అభ్యంతరం లేదు. ఎందుకు విరుగుతోందో మొదట్నుంచీ చూద్దాం. నాన్నగారితో ఒకమాట చెప్పు మరి."

ఆమె చెప్పలేదు. మూడో ఫ్లాస్కు తీసుకుంది. తొమ్మిదోసారి, పదోసారి చేసింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ అలాగే ఉంది. వ్యాసంలో మాత్రం లేదు. పదిసార్లు వాడినా చెక్కుచెదరని, హానిలేని ద్రావణి అని అచ్చయింది. వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒక్కడు అడిగాడు, నీళ్ళతో ఇది విరిగే అవకాశం లేదా అని. ఆమె సదానందం వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "గమనించలేదు సార్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న టైర్ల మెకానిక్కు అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ఎక్కువసేపు కొట్టాడు.

ఆ వ్యాసం చదివి హైదరాబాద్ అవతలి పారిశ్రామిక వాడలోని ఒక మందుల ఫ్యాక్టరీ నన్ను అడిగింది. నాతోపాటు ఆమెనూ తీసుకుంది. సీసాల్లో ఉన్నదాన్ని పీపాల్లోకి పెరిగాను. ఒకటి తెలుసుకోండి, నన్ను ఎన్ని ముక్కలుగా పంచినా ప్రతి ముక్కా నేనే. మేనేజరు చిదంబరరావు బల్ల మీద నమూనా బుడ్డిలో ఉన్నదీ నేనే, రెండువేల లీటర్ల రియాక్టరులో తిరుగుతున్నదీ నేనే.

ఆ రియాక్టరు నడిపేవాడు బొల్లం ఐలయ్య. నలభై ఏళ్ళు దాటాయి. పన్నెండేళ్ళుగా టోలీన్ మధ్య పనిచేస్తున్నాడు. షిఫ్టు దిగేసరికి తల పగిలిపోయేదట. ఇంటికి పోయి తలకు తువ్వాలు బిగించి పడుకుంటే పెళ్ళాం కనకవ్వ అన్నం పెడతానన్నా లేచేవాడు కాదట. శోభారాణి ఆపరేటర్లందరినీ కూర్చోబెట్టి నా గురించి చెప్పినప్పుడు అతను ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇది గాలిలోకి లేవదు. వాసన రాదు. మంట అంటుకోదు" అంది ఆమె.

"మేడం, గ్లౌజు చినిగి చెయ్యికి తాకితే ఏమైతది?" ఐలయ్య అడిగాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. పెద్ద చదువులు చదివిన పరీక్షకుడు అడిగిందీ, ఏడో తరగతి చదివిన ఐలయ్య అడిగిందీ ఒకటే. ఆమె రెండోసారీ అదే గొంతుతో జవాబు చెప్పింది.

"నీళ్ళతో కడుక్కుంటే చాలు."

నెల తిరిగేసరికి ఐలయ్యకు తలనొప్పి పోయింది. ఒకరోజు స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చి శోభారాణి బల్ల మీద పెట్టాడు. "మా ఆమె పంపింది మేడం. మీ పుణ్యాన ఇంట్ల మనిషోలె ఉంటున్నడు అని చెప్పుమన్నది. పొద్దుగాల ఆమె కోళ్ళ కంపెనీకి పోతది. పిల్లకు జడలు నేనే ఏస్త. ఇంతకుముందు తల దిమ్ముతోని ఒకటి పైకి, ఒకటి కిందికి ఏసెటోన్ని. ఇప్పుడు సక్కగ ఏస్తున్న." ఆమె నవ్వింది. సర్వపిండి మొత్తం తిన్నది. ఆమె చెడ్డది కాదని మీరు అనుకుంటారు. నేనూ అదే అంటాను. చెడ్డవాళ్ళ చేతుల్లో పడి ఉంటే ఈ కథ చెప్పుకోవడం తేలికగా ఉండేది.

ఏడోసారి నన్ను వాడుతుండగా ఐలయ్యే ఆమెను పిలిచాడు. రియాక్టరు లోపలికి చూడ్డానికి ఒక గుండ్రటి గాజు కిటికీ ఉంటుంది. దాని ముందు నిలబడి వేలితో చూపించాడు.

"మేడం, గీ అద్దం మసకేసింది. లోపట కడిగిన, బయట తుడిసిన. పోతలేదు."

శోభారాణి ఆ గాజును వేలితో రుద్ది చూసింది. తర్వాత మెట్లెక్కి చిదంబరరావు గదికి వెళ్ళింది. నేను అక్కడ బల్ల మీద బుడ్డిలో ఉన్నాను.

"సార్, ఈ బ్యాచి ఆపేద్దాం. ద్రవం మార్చాలి."

చిదంబరరావు తలెత్తలేదు. "సోమవారం బయటి దేశం వాళ్ళు తనిఖీకి వస్తున్నారండి. రియాక్టరు ఆగి ఉంటే ఏమని చెప్పమంటారు?"

"గాజు మసకబారింది సార్. యాసిడ్ పుడుతోందని అనుమానంగా ఉంది."

ఆయన సొరుగు లాగి ఆమె వ్యాసం తీశాడు. "మీరు రాసిందే కదండీ ఇది? పదిసార్లు చెక్కుచెదరదన్నారు. మనది ఏడోసారి." కాగితం ఆమె వైపు జరిపాడు. "ఇందులో రాసింది తప్పంటారా?"

"నేను రాసింది అబద్ధం" అంటే చాలు. మూడు మాటలు. ఆమె పెదవులు కదిలాయి కూడా. కానీ ఆ మూడు మాటలు అంటే పేరు ముందున్న డాక్టర్ పోతుంది, ఉద్యోగం పోతుంది, చప్పట్లు కొట్టిన చేతులు ఏమనుకుంటాయో చూడాల్సి వస్తుంది. "లేదు సార్" అని కిందికి దిగింది. స్టోరుకు వెళ్ళి ఐలయ్యకు మందపాటి గ్లౌజులు ఇమ్మని చీటీ రాసింది. స్టోరులో ఆ సైజువి లేవు. వచ్చే వారం వస్తాయన్నారు.

బుధవారం ఉదయం పదింటికి రియాక్టరు అడుగున వాల్వు దగ్గర నేను కారడం మొదలుపెట్టాను. కారకుండా వేసిన బిగింపు చుట్టను కొరికేశాను మరి. చుక్క, ఆగి ఇంకో చుక్క. ఐలయ్య స్పానర్ తెచ్చి కింద కూర్చుని బిగించాడు. కుడిచేతి గ్లౌజు బొటనవేలి కుట్టు దగ్గర విడిపోయి ఉంది. నేను వెచ్చగా లోపలికి వెళ్ళాను. బొటనవేలి మీద నుంచి చూపుడువేలికి, అక్కడి నుంచి మధ్యవేలికి పారాను. అతను గ్లౌజు తీసి చూసుకున్నాడు. మంట లేదు, బొబ్బ లేదు. చెప్పినట్టే కుళాయి కింద చెయ్యి పెట్టి బాగా కడుక్కున్నాడు. పక్కవాడితో, "ఇదే టోలీన్ అయితే ఈ పాటికి తల తిరుగుతుండె" అన్నాడు. గ్లౌజు తిరగేసి మళ్ళీ తొడుక్కుని రెండింటి దాకా పనిచేశాడు.

కడిగితే పోయేది పైన ఉన్నది. లోపలికి దిగినదాన్ని నీళ్ళు పట్టుకోలేవు. కంపెనీ బస్సులో కూర్చున్నప్పుడు గోళ్ళ కింద చిన్న పోటు. బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి అతను చేతిని పొట్టకు అదుముకుని గోడకు ఆనుకున్నాడు. ఇంటికి చేరేసరికి నాలుగైంది. కనకవ్వ వచ్చి చూసేటప్పటికి మంచం కోడును ఎడమచేత్తో పట్టుకుని, పళ్ళు బిగించి, కూతురు వినకూడదని మూలుగు మింగుతున్నాడు. కాసేపటికి మింగలేకపోయాడు. అతని అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చి ఆటో పిలిచారు.

ఊళ్ళోని చిన్న ఆసుపత్రిలో డాక్టరు కొత్తగా చదువు ముగించి వచ్చినవాడు. చెయ్యి చూశాడు. కాస్త ఎర్రబడి, వేళ్ళ చివర తెల్లగా ఉంది. ఇంత గాయానికి ఇంత అరుపేమిటి అని ముఖం చిట్లించి, అంతలోనే ఏదో తట్టినట్టు ఆగాడు. ఐలయ్య గుర్తింపు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో ఆ ఫోను చిదంబరరావు గదిలో మోగింది. తనిఖీ కాగితాలు సర్దుతున్న శోభారాణి ఎత్తింది. నేను అప్పుడు రెండు చోట్లా ఉన్నాను. అక్కడ వేళ్ళలో, ఇక్కడ బల్ల మీద.

"మేడం, మీ వర్కర్ ఐలయ్య ఇక్కడున్నాడు. చేతి మీద ఏం పడింది?"

"అయానిక ద్రవం డాక్టర్. హానికరమైనది కాదు."

"దాంట్లో ఫ్లోరైడ్ ఏమైనా ఉందా? హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాని అయితే వెంటనే కాల్షియం ఇంజక్షన్ ఇవ్వాలి. నా దగ్గర ఉంది. చేతిలోనే పట్టుకున్నాను. కాకపోతే ఉత్తపుణ్యానికి వేళ్ళలోకి గుచ్చడం మంచిది కాదు. మీరు చెప్పండి."

శోభారాణి ఎదురుగా చూసింది. చిదంబరరావు తల ఊపలేదు, సైగ చేయలేదు. ఊరికే ఆమెనే చూస్తున్నాడు.

"లేదు" అంది.

"ఖాయంగా?"

"ఖాయంగానే."

ఫోన్ పెట్టేశాక చిదంబరరావు, "టీ తెప్పించమంటారా?" అని అడిగాడు. ఆమె వద్దంది. సాయంత్రం స్టాఫ్ బస్సులో ఇంటికి వెళ్ళిపోయింది. డాక్టరు ఐలయ్యకు నొప్పి తగ్గే సూది వేసి, కాలిన గాయానికి రాసే మామూలు మందు రాసి పంపాడు. నేను నా పని చేసుకుంటూ పోయాను. ఆ పని ఏమిటో తెలిసినవాళ్ళు ఎవరూ అడ్డం రాలేదు.

మర్నాడు పొద్దున్నే శోభారాణి మందుల షాపులన్నీ తిరిగి కాల్షియం జెల్లు ట్యూబులు రెండు కొని అతని ఇంటికి వెళ్ళింది. ఇంటికి తాళం ఉంది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారని పక్కింటావిడ చెప్పింది. ట్యూబులు సంచిలోనే ఉండిపోయాయి. నాలుగో రోజుకు మూడు వేళ్ళు నల్లబడ్డాయి. ఏడో రోజున కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా తీసేశారు. అంతకుముందే, సోమవారం నాడు, బయటి దేశం వాళ్ళు వచ్చి, రియాక్టరు చూసి, ఇక్కడ ఎంత శుభ్రమైన గాలి అని మెచ్చుకుని వెళ్ళారు.

ప్రమాదం మీద కంపెనీ ఒక రిపోర్టు రాసుకుంది. ఆపరేటరు చినిగిన గ్లౌజు చూసుకోకుండా వేసుకున్నాడు, తప్పు అతనిది అని. కింద సాంకేతిక బాధ్యురాలిగా శోభారాణి సంతకం పెట్టింది.

కనకవ్వ ఊరుకోలేదు. ఎవరెవరినో అడిగి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని, దరఖాస్తు రాయించి ఇచ్చింది. శుక్రవారం విచారణకు వస్తామని ఫ్యాక్టరీకి కబురొచ్చింది. ఆ ముందు ఆదివారం శోభారాణి ఐలయ్య ఇంటికి వెళ్ళింది. ఆ పొద్దున్నే రియాక్టరులోంచి పట్టిన నన్ను ఒక ప్లాస్టిక్ బుడ్డిలో పోసి సంచిలో పెట్టుకుంది.

రెండు గదుల ఇల్లు. ఐలయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. కూతురు జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుని ఏదో రాసుకుంటోంది. కనకవ్వ బియ్యం ఏరుతోంది. శోభారాణి కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నాకు ముందే తెలుసక్కా" అంది. చదువుకున్న భాష పోయి ఇంటి భాష వచ్చింది. "ఇది యాసిడ్ అయితదని నేను సదువుకునేటప్పుడే చూసిన. రాసిపెట్టుకున్న గూడ. బయటికి చెప్పలే."

కనకవ్వ చేతులు చేటలో ఆగాయి. "గదిప్పుడెందుకు చెప్తున్నవ్?"

"మనసుల పెట్టుకోలేకపోతున్న."

"ఓహో. నీ మనసుల బరువు దించుకోనీకి మా ఇల్లే దొరికిందా? దించినవ్ గదా. ఇగ పో."

శోభారాణి గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆగు మేడం" అన్నాడు ఐలయ్య. "ఒక్కటడుగుత. ఆ పొద్దు డాక్టరు నీకు ఫోన్ జేసిండు. నేను పక్కనే ఉన్న, ఇన్న. సూది మందు చేతిల పట్టుకొనే మాట్లాడిండు. నువ్వు ఔనంటే నా వేళ్ళు ఉండునా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఆమెకు మళ్ళీ దొరకదు. అప్పటికే ఆలస్యమైంది, డాక్టర్లు కూడా చెప్పలేరు అంటే సరిపోయేది. అందులో కాస్త నిజం కూడా ఉంది. విన్నవాడికి రాత్రిళ్ళు నిద్రపట్టేది. ఆమె తలుపు చట్రం పట్టుకుని నిలబడింది.

"ఉండేవి అన్నా."

"మూడూ?"

"మూడూ."

గడపలో పిల్ల రాయడం ఆపేసింది. ఐలయ్య కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు, నిద్రపోతున్న పిల్లను ఎత్తినట్టు.

"ఇన్ని దినాలు నా తప్పే అనుకున్న మేడం" అన్నాడు. "గ్లౌజు సూసుకోకపోతి అని. మా ఆమెకు గూడ గదే చెప్పిన. పిల్లకు గూడ గదే చెప్పిన." ఒళ్ళోని చేతి మీంచి తలెత్తి, "శుక్రారం ఆఫీసర్ ముంగట గిదే మాట చెప్తవా?" అన్నాడు.

"చెప్త."

"చెప్పు. గని మమ్ములను మల్లెన్నడు అన్నా, అక్కా అని పిలువకు."

ఆమె చెప్పింది. ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మీరు ఆశపడేది ఏమీ లేదు. కంపెనీ ఆమెను తీసేసింది. నోట్‌బుక్ పేజీ చూసి విశ్వవిద్యాలయం కమిటీ వేసి ఆమె డాక్టరేటు రద్దు చేసింది. "నా విద్యార్థిని ఆ పేజీ నాకు చూపించనేలేదు" అని సదానందం కమిటీ ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆయన ఇంకో విద్యార్థితో, నాలాంటి ఉప్పులు నీళ్ళు తగిలితే ఎలా విరుగుతాయో వివరంగా ఒక వ్యాసం రాశాడు. ఇప్పుడు ఈ ప్రమాదం గురించి మాట్లాడాలంటే సభల్లో ముందు ఆయన్నే పిలుస్తారు. టైర్ల మెకానిక్కు కూతురితో మాట్లాడటం మానలేదు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె పేరు పలకడు. ఫ్యాక్టరీ మళ్ళీ టోలీన్‌కు పోయింది. తలనొప్పులు తిరిగొచ్చిన ఆపరేటర్లు కొందరు ఐలయ్య గేటు దగ్గర కనబడితే ముఖం తిప్పుకుపోయారు. కేసు ఇంకా ఉంది. నన్ను పీపాల్లో నింపి ఊరి బయట విషపు చెత్త దాచే చోటికి పంపారు. కాలుద్దామంటే తేలిగ్గా కాలను. పాతిపెడదామంటే భూమిలోకి దిగితే నీళ్ళ వెంట చేపల దాకా పోతానని భయం. అందుకని అలాగే ఉంచారు. వాన పడితే పీపా మీద చప్పుడు వింటుంటాను. ఆమె సంచిలో పెట్టుకున్న ఆ ప్లాస్టిక్ బుడ్డికి మాత్రం సీలు వేసి ఇన్‌స్పెక్టరు ఆఫీసు బీరువాలో పెట్టారు.

ఆ బుడ్డిలో ఉన్న నేను శుక్రవారం నాడు విచారణ బల్ల మీదే ఉన్నాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తున్నది ఆ పూటే.

శోభారాణి చెప్పాల్సింది చెప్పి, రాసిన దాని కింద సంతకం పెట్టింది. చిదంబరరావు ఎదుటి కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. తర్వాత ఐలయ్య వాంగ్మూలం రాసి, చదివి వినిపించారు. ఇన్‌స్పెక్టరు ఇంకు ప్యాడు అతని వైపు జరిపాడు.

"వేలిముద్ర చాలు. ఎడమచేతిది వెయ్యి."

"మా ఆయన ఏడు సదివిండు సారు" అంది కనకవ్వ. "సంతకం చేస్తడు."

"ఇప్పుడెట్లా చేస్తాడమ్మా?"

ఐలయ్య కాగితాన్ని తన దగ్గరికి జరుపుకున్నాడు. ఎడమచేత్తో కలం అందుకున్నాడు. రెండుసార్లు వేళ్ళ మధ్య నుంచి జారింది. మూడోసారి పిడికిలిలో ఇరికించి పట్టుకుని కాగితం మీద వంగాడు. మొదటి అక్షరం కొండంత వచ్చింది. కాగితం కలంతోపాటే జరిగిపోతోంది. పక్కనున్న శోభారాణి దాన్ని కదలకుండా పట్టుకుందామని చెయ్యి చాపింది. అతను తల ఎత్తకుండానే కట్టు ఉన్న చేతి మోచేత్తో ఆమె చేతిని పక్కకు నెట్టి, అదే మోచేతిని కాగితం మీద ఆనించుకున్నాడు.

చిదంబరరావు దగ్గాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు మూసి మళ్ళీ తెరిచాడు. ఐలయ్య రాస్తూనే ఉన్నాడు. ఇంటిపేరు సగంలో ఆగి చెమట తుడుచుకుని, పూర్తి చేసి, పేరు మొదలుపెట్టాడు. పొట్టిగా రాసి వదిలేయొచ్చు. వదల్లేదు. ఒత్తుతో సహా చివరి అక్షరం రాశాడు. కలం బల్ల మీద పెట్టి, సరిగ్గా వచ్చిందా అని కాగితాన్ని కనకవ్వ వైపు తిప్పాడు.

కనకవ్వకు చదవడం రాదు. ఆమె ఆ గీతల్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటిగా చూసింది.

"మంచిగున్నది" అంది.